పంపుహౌసు డిస్కులో బూతు

మా నీటిపారుదల శాఖ సర్కిల్ ఆఫీసులో మనుషులు తప్పులు చేస్తారు, యంత్రాలు తప్పులు చేస్తాయి, ఏళ్లకోసారి గోదావరి కూడా తప్పు చేసి గట్టు దాటుతుంది. కాగితం మాత్రం తప్పు చేయదు. పై అధికారి చూసి మూలన పొట్టి సంతకం పెట్టాక కాగితం మీద ఉన్నదే నిజం. ఈ ఒక్క సూత్రాన్ని నమ్ముకుని భీమశంకరం అనే నేను, సీనియర్ అసిస్టెంటును, ముప్పై రెండేళ్ల సర్వీసును ఒక్క మెమో కూడా లేకుండా లాక్కొచ్చాను. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది.

ఆ ఏడు జూలైలో మా ఆఫీసుకు తెలుగు పట్టింది. 'తెలుగు అమలు పక్షోత్సవాలు' అని గేటుకు బ్యానరు కట్టారు. మా సూపరింటెండింగ్ ఇంజనీరు విరూపాక్షరావు గారు, అందరూ ఎస్.ఈ. గారనేవారు, స్వయంగా సర్క్యులర్ చెప్పి రాయించారు. "ఇకమీదట సమస్త ఉత్తర ప్రత్యుత్తరములు తెలుగులోనే జరుపవలెను. ఒకసారి ఫైలులో చేరిన తెలుగు మాటను తొలగించి దాని స్థానే ఇంగ్లీషు మాట ఉంచుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును." పక్షోత్సవాల చివర ఉత్తమ తెలుగు ఉద్యోగికి శాలువా కప్పుతారన్నారు. అది నాకేనని ఆఫీసంతా అనుకుంటోంది. అందరికంటే ముందు అనుకున్నవాణ్ణి నేనే.

సరిగ్గా అప్పుడే తాడిరేవు ఎత్తిపోతల మోటార్లు ఆగిపోయాయి. మెట్ట మీద పన్నెండు వందల ఎకరాలకు నీళ్లు తోడే పంపుహౌసు అది. మోటార్లకు ఏ జబ్బూ లేదు. వాటిని నడిపే పెట్టె, ఇరవై ఏళ్ల కిందట ఎవరో కంపెనీవాళ్లు పెట్టిపోయింది, కరెంటివ్వగానే తెర మీద ఒక్క గీత చూపించి ఊరుకుంటోంది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. పెట్టెలోపల ఏముందో చెప్పే పుస్తకం ఒక్కటి కూడా మిగల్లేదు.

అక్కడి అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏ.ఈ., చంద్రిక రెండేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన పిల్ల. ఇంగ్లీషులో లెటరు పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చింది.

"ఇది తెలుగులోకి మార్చి పెట్టండి బాబాయిగారూ. మూడు రోజుల పనండి, పర్మిషన్ వస్తే చాలు" అంది.

"విషయం చెప్పమ్మా. అర్థం కాకుండా తర్జుమా చేయను" అన్నాను. శాలువా మనిషిని కదా.

"కరెంటు రాగానే పెట్టెలో ముందుగా లేచే చిన్న ప్రోగ్రాం ఒకటుంటదండి. దాన్ని బూట్‌లోడర్ అంటారు. అది లేచి ఫర్మ్‌వేర్‌ని లేపుద్ది. ఫర్మ్‌వేర్ లేచి మోటార్లని నడిపిద్ది. మొదటిది లేచింది, రెండోదాన్ని లేపట్లేదు. ఎందుకో చెప్పేవాళ్లు లేరు. అందుకని డిస్కుకి ఇమేజి తీసుకుంటానండి, అంటే ఉన్నదున్నట్టు నకలు. దాన్ని చదివి లోపల ఏం రాశారో కనిపెడతా."

"రాసినవాళ్లు లేకుండా ఎలా కనిపెడతావు?"

"వండినావిడ లేదు, కూరుందనుకోండి. రుచి చూసి ఏమేం వేసిందో చెప్పెయ్యమూ? దాన్నే రివర్స్ ఇంజనీరింగ్ అంటారు."

ఆమె వెళ్లాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. మా ఆఫీసులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి. చిన్న 'టి' కొడితే 'త' పడుతుంది. షిఫ్టు నొక్కిపెట్టి కొడితే 'ట'. నా ఎడమచేతి చిటికెన వేలికి వాతం. వానాకాలంలో అది షిఫ్టు దాకా చాచుకోదు. ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. 'కరెంతు', 'మోతార్లు' కంటపడి దిద్దాను గానీ, తెలుగు మాటలాగే కనిపించిన ఒక్కటి తప్పించుకుంది.

మర్నాడు ఎస్.ఈ. గారు నన్నూ చంద్రికనూ గదిలోకి పిలిచారు. లేఖ పైకి చదివారు.

"తాడిరేవు పంపుహౌసు డిస్కులో బూతు పాడైనది. కరెంటు వచ్చిన వెంటనే మొట్టమొదట లేవవలసినది బూతే. బూతు సరిగా లేవనిదే మోటార్లు తిరగవు. కావున సదరు బూతును క్షుణ్ణంగా చదివి బాగుచేయుటకు అనుమతి కోరడమైనది." ఆయన కళ్లజోడు తీశారు. "ఎన్నికల బూతా?"

"ఎన్నికలు లేవు కదండీ" అన్నాను.

"అయితే అసలు బూతే." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "ప్రభుత్వ యంత్రంలో. ఇరవై ఏళ్లుగా."

చంద్రిక నావైపు చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను. "సార్, అది బూటు సార్. బూట్‌లోడర్. టైపులో త పడింది" అంది.

ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అప్పుడే నోరు తెరిచి 'అవునండీ, నా చిటికెన వేలు' అంటే సరిపోయేది. కానీ లేఖ మూలన ఎస్.ఈ. గారి పొట్టి సంతకం అప్పటికే పడిపోయింది. పైగా శాలువా ఎల్లుండికాక ఆవలెల్లుండి.

"బూటు ఏ భాషా పదం?" అని అడిగారు ఎస్.ఈ. గారు.

"ఇంగ్లీషు సార్."

"బూతు?"

"తెలుగు సార్. కానీ..."

"అచ్చ తెలుగు. ఫైలులో చేరిన తెలుగు మాటను తీసి ఇంగ్లీషు మాట పెట్టమంటున్నారు. నా సర్క్యులర్ మీద ఇంకా తడి ఆరలేదు." ఆయన కింది పేరాలోకి దిగారు. "ఇదేమిటి? తిరోగమన ఇంజనీరింగా? ఈ శాఖ నలభై ఏళ్లుగా పురోగమిస్తూ వస్తోంది. ఇక డిస్కు ఇమేజి తీసేస్తానంటున్నారు. శాఖ ఇమేజి అసలే అంతంతమాత్రం. ఉన్నది కూడా తీసేస్తే ఏం మిగులుతుంది?"

చంద్రిక గంటసేపు నచ్చజెప్పింది. చివరికి తిరోగమనానికి 'నియంత్రిత తిరోగమనం' అని పేరు మార్చి ఒప్పుకున్నారు. ఇమేజి తీసుకోవచ్చు గానీ అందులో డిస్కు ప్రభుత్వ గౌరవానికి తగ్గట్టు కనిపించాలన్నారు. బూతు సంగతి మాత్రం కమిటీకి పోయింది. నకలు తీయడం అయ్యాక, కమిటీ తేల్చేదాకా పెట్టె మీద ఎవరి చెయ్యీ పడకుండా లక్క సీలు వేయమన్నారు.

ఆ రోజే నా సీటు పక్క బెంచీ మీద మొదటిసారి నూకరత్నం కనిపించింది. తాడిరేవు కాలవకు చిట్టచివర రెండెకరాల మనిషి. మొగుడు పోయి ఆరేళ్లయిందట, సేద్యమంతా తనదే. చేతిలో గుప్పెడు వరినారు ఉంది.

"ఆయ్, మోటార్లు ఎప్పుడేత్తారండీ? నారు పోసి ఇరవై రోజులైందండి. ఇంకో పది రోజుల్లో ఊడ్చెయ్యాలండి. ఆపైన నీళ్లిచ్చినా ఏం లాబం? నారు సచ్చిపోద్ది" అంది.

"ఫైలు నడుస్తోందమ్మా" అన్నాను.

"నడిత్తే వచ్చేద్ది లెండి" అని నమ్మకంగా వెళ్లిపోయింది. నాలుగు మొక్కల నారు బెంచీ మీద వదిలేసి వెళ్లింది, నాకు గుర్తుంటుందని. పచ్చగా ఉంది.

'బూతు నిర్ధారణ కమిటీ'కి ఎస్.ఈ. గారు అధ్యక్షులు. నేను కన్వీనరును. భాషా నిపుణులు కావాలి గనుక కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన దక్షిణామూర్తి మాస్టారిని పిలిచాం. ఆయన చాలాకాలంగా ఎవరూ ఏదీ అడగక ఇంట్లో కూర్చున్న మనిషి. ఎంత ఉత్సాహంగా వచ్చారంటే, తన భూతద్దం తానే తెచ్చుకున్నారు.

మొదటి సాక్షి పంపు ఆపరేటరు అప్పలకొండ.

"మోటార్లు తిరగడానికి బూతు అవసరమన్న మాట వాస్తవమేనా?" అని అడిగారు ఎస్.ఈ. గారు.

అప్పలకొండ తల గోక్కున్నాడు. "అబద్ధం ఎందుకు సెప్పాలండి? అవసరవేనండి. పొద్దున్నే నాలుగు తిట్టాపోతే ఎక్కదండి. రెండో నెంబరు మోటారైతే వాళ్లమ్మని కూడా కలిపి తిట్టాలండి. పాత ఏ.ఈ. గారు కూడా తిట్టేవోరు."

'ఆచరణలో ఉన్నట్లు ధ్రువపడినది' అని రాసుకున్నాను. నిజానికి ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకే ఒక క్షణం నమ్మకం కలిగింది, బూతే సరైన మాటేమోనని.

తర్వాత డిస్కు ఇమేజి. కావలసింది మొదటి అరపేజీ, ఆ తర్వాతి నాలుగు పేజీలేనని చంద్రిక మొత్తుకుంది. బూతు ఎక్కడ దాక్కుందో ముందే ఎలా తెలుస్తుందని కమిటీ అడిగింది. మొత్తం అచ్చు వేయించమన్నారు. నాలుగు వేల పేజీలు దిగాక యంత్రంలో సిరా అయిపోయింది గనుక అక్కడికి ఆపాం. పేజీల నిండా అంకెలు, మధ్యమధ్య ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు. మాస్టారు మొదటి పేజీ నుంచి ఒక్కొక్క జతా పైకి చదవడం మొదలుపెట్టారు. రెండు గంటలకు అరపేజీ అయింది. అక్కడ ఆగిపోయారు.

"దొరికింది" అన్నారు.

అందరం మీదికి వంగాం. అరపేజీ చివర 55, దాని పక్కన రెండు ఇంగ్లీషు 'ఏ'లు.

"మీ ఆఫీసు పద్ధతిలో రెండు 'ఏ'లు కొడితే 'ఆ' పడుతుందని భీమశంకరం గారే నిన్న నాకు నేర్పారు. అంటే ఇక్కడ యాభై అయిదేళ్ల పాత్ర ఎవరో 'ఆ' అంటోంది. ప్రశ్న అయితే ఫరవాలేదు. నిట్టూర్పు అయినా సహించవచ్చు. మూలుగైతే మటుకు..." మాస్టారు మర్యాదస్థులు, అక్కడితో ఆపారు.

"అది గుర్తు మాస్టారూ! ఇది లేచే డిస్కు అని పెట్టెకి తెలియడానికి వేసే గుర్తు. ఇలాంటి పాత డిస్కులన్నిటికీ ఉంటుందండి. మన ఆఫీసు కంప్యూటర్లలో కూడా ఉంటుంది" అంది చంద్రిక.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఎస్.ఈ. గారు తన బల్ల మీది కంప్యూటరు వైపు, పెళ్లివారింట్లో దొంగను చూసినట్టు చూశారు. సాయంత్రానికి సర్కిల్‌లోని నలభై రెండు కంప్యూటర్లకూ లక్క సీళ్లు పడ్డాయి. చంద్రిక సొంత లాప్‌టాప్‌కు కూడా. లక్క చాలక తాలూకా ఆఫీసు నుంచి అరువు తెచ్చాం. ఆనాటి నుంచి ఆఫీసంతా చేతిరాతే. తెలుగు అమలు నూటికి నూరు శాతం జరిగిందని పై ఆఫీసుకు నివేదిక వెళ్లింది. నాకు శాలువా కప్పారు. జరీ అంచు మెడకు గుచ్చుకుంది.

నూకరత్నం రోజూ మొదటి బస్సుకు వస్తూనే ఉంది. నాలుగో రోజుకు నారు కొసలు పసుపు తిరిగాయి. ఆరో రోజుకు మొదలు దాకా పాకింది. ముసురు ఆ ఒక్క పూటే. బిందెలతో మోసి నారుమడి తడుపుతున్నానని చెప్పింది. సగం మడికే నీళ్లు సరిపోతున్నాయట, మిగతా సగం వదిలేసిందట. ఆ మాట చెప్పేటప్పుడు నావైపు చూడలేదు. ఈసారి 'ఫైలు నడుస్తోంది' అనకుండా బెంచీ మీద రాలిన ఎండుకొసలు ఏరాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం చంద్రిక వచ్చి నా ఎదుట కాగితాలు పరిచింది. లాప్‌టాప్ లేదు కదా, కమిటీ చదివి పక్కన పడేసిన ఆ అచ్చు పేజీలనే తీసుకుపోయి పెన్సిల్‌తో లెక్క కట్టింది. అంకె అంకె కిందా దాని అర్థం రాసింది. నాలుగు రోజులు అదే పని.

"దొరికింది బాబాయిగారూ" అంది. మాస్టారు అన్న మాటే, కానీ వేరేగా వినిపించింది. "బూట్‌లోడర్‌కి జబ్బేం లేదు. కింద ఉన్న ఫర్మ్‌వేర్ అంకెలన్నీ కూడి, చివర రాసి ఉన్న మొత్తంతో సరిపోతేనే దాన్ని లేపుద్ది. సరిపోట్లేదని ఆపేసింది. పాతబడి ఒకే ఒక్క అక్షరం మారిపోయిందండి. ఎక్కడో కూడా దొరికింది. దిద్ది మళ్లీ చేత్తో కూడాను. సరిపోయింది."

"ఒక్క అక్షరానికి మోటార్లు ఆపేస్తుందా?"

"దాని పని అదేనండి. తప్పు కనపడితే కిందవాణ్ణి కదలనివ్వదు. ఆ తప్పేంటో, దిద్దితే పోద్దేమో చూసే బుద్ధి దానికి పెట్టలేదు" అంది చంద్రిక. కాగితాలు సర్దుకుంటూ నా ఎడమచేతి వైపు ఒకసారి చూసింది. తెలిసే చూసిందో, ఊరికే చూసిందో నేను అడగలేదు.

దిద్దాలంటే సీలు విప్పాలి. సీలు విప్పాలంటే కమిటీ బూతును నిర్ధారించాలి. మాస్టారు పదకొండో పేజీలో ఉన్నారు. 'ఆ' ప్రశ్నా మూలుగా అన్నది ఇంకా తేలలేదు.

తొమ్మిదో రోజు కమిటీ కూర్చుని ఉండగా నూకరత్నం తలుపు తోసుకుని నేరుగా లోపలికి వచ్చేసింది. ఈసారి చేతిలో నారు గుప్పెడు కాదు, కట్ట. గడ్డిలా ఉంది. దాన్ని ఎస్.ఈ. గారి బల్ల మీద పెట్టింది.

"ఏవండీ, మోటారెక్కడానికి బూతు కావాలంట కదండీ? అప్పలకొండ సెప్పాడు. బూతు దొరక్క తొమ్మిది రోజుల్నించి ఎతుకుతున్నారంట?"

"ఆ విషయం పరిశీలనలో ఉన్నది" అన్నారు ఎస్.ఈ. గారు.

"తొమ్మిది రోజులు మీ గుమ్మం కాడే కూసున్నాను కదండీ. నన్నడగొచ్చు కదా?"

ఆపైన ఆమె మొదలుపెట్టింది. అరవలేదు. నారుమడిలో కలుపు తీసినట్టు, ఒక్కొక్కటే, ఏదీ వదలకుండా. ముందు పెట్టెతో మొదలుపెట్టింది. దాన్ని చేసిన కంపెనీకి, తర్వాత లక్కకు, సీలుకు, సర్క్యులరుకు, ఆపైన కమిటీ సభ్యులకు హోదా క్రమంలో పంచింది. కన్వీనరు వంతు కూడా వచ్చింది. కమిటీ ఎదుట పలికిన బూతును నమోదు చేయడం నా విధి గనుక తల వంచుకుని రాసుకున్నాను. పదమూడో మాటకు స్పెల్లింగ్ తెలియక ఆగితే మాస్టారు మెల్లిగా చెప్పారు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. నాలుగోది చాలా పాత ప్రయోగమని, అది ఇంకా బతికే ఉందని తనకు తెలియదని తర్వాత చెప్పారు.

చివరి మాట దగ్గర ఆమె ఆగి, బల్ల మీది నారు కట్ట మీద చెయ్యేసింది. "మీ బూతు మీకు అందిందా అండి? మరి నా నీళ్లు?" అని నేల మీద కూర్చుండిపోయింది.

ఎస్.ఈ. గారు చెమట తుడుచుకున్నారు. ఆయన చెడ్డవారు కారు. ఏ తలుపు తెరవాలో తెలియక అన్ని తలుపులకూ సీళ్లు వేసుకునే రకం. నేను కాగితం తీసుకున్నాను. ముప్పై రెండేళ్లలో నేను రాసిన నోట్లలో అదే పొట్టిది. 'నిర్ధారింపవలసిన బూతు కమిటీ సమక్షమున సంపూర్ణముగా లభ్యమైనది. కావున కమిటీ కర్తవ్యము ముగిసినది. సీలు తొలగించి, అక్షర దోషము సవరించుటకు ఏ.ఈ. గారికి అనుమతి ఇవ్వవచ్చును.' ఎస్.ఈ. గారు రెండోసారి చదవకుండానే సంతకం చేశారు.

నిజం చెప్పలేదు చూడండి, అప్పుడు కూడా. నా త గురించి నోట్‌లో ఒక్క మాట లేదు. అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో కడిగాను. పని మాత్రం జరిగింది. చంద్రిక జీపులో తాడిరేవు వెళ్లి సీలు పగలగొట్టి ఒక్క అక్షరం దిద్దింది. పది నిమిషాలు పట్టిందట. రెండో నెంబరు మోటారుకు అప్పలకొండ అలవాటు చొప్పున తిట్టబోతే, వద్దులే ఈసారికి అందిట.

అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. నమోదైన మాటలు తనవేనని పలికినవారు ధ్రువీకరిస్తేగాని కమిటీ ఫైలు మూయడానికి వీల్లేదు. అటెండరును పంపవచ్చు. నేనే వెళ్లాను.

నూకరత్నం చేలో ఊడుస్తోంది. మడి నిండా నీళ్లు. నన్ను చూసి గట్టుకు వచ్చింది. నడుం మీద చేతులేసుకుని నవ్వింది.

"ఏంటండీ, ఇంకా కావాలా?"

"వద్దమ్మా, ఉన్నవి చాలు. ఇవి నువ్వన్నవేనని సంతకం..." ఆగాను. చుట్టూ ఎవరూ లేరు. "నూకరత్నం, ఒక మాట చెప్పాలి. అసలు బూతు లేదు. అది బూటు. నేను ట కొట్టాల్సిన చోట త కొట్టాను. తొమ్మిది రోజులూ నాకు తెలుసు. చెప్పలేదు."

ఆమె నడుం మీది చేతులు దించింది.

"నాకు అచ్చరాలు రావండి. టా ఏంటో, తా ఏంటో నాకు తెలీదు. తెలిసినోళ్లు తొమ్మిది రోజులు ఎందుకూరుకున్నారో అదీ తెలీదు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నవి ఫైల్లో ఉన్నాయి, అవి ఇంత గుచ్చుకోలేదు.

ఇంకు డబ్బీ తీయబోయాను. ఆమె అప్పటికే బురద బొటనవేలు కాగితం మీద ఒత్తేసింది. ముద్ర స్పష్టంగా పడింది. ఆమె మళ్లీ మడిలోకి దిగి వంగింది.

తడి ఆరకుండా ఫైల్లో పెడితే పక్క కాగితాలకు అంటుకుంటుంది. ఆ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని గట్టు మీద అరగంట కూర్చున్నాను. ఊడుస్తున్న ఎకరం నా వెనక ఉంది. నారు చాలక ఊడ్చకుండా వదిలేసిన ఎకరం నా ఎదురుగా ఉంది. దాని నిండా కూడా నీళ్లే ఉన్నాయి.